ఎండబండి మీద వడియాలు

పదహారు తెల్లగుర్రాల రథం, దంతపు అంబారీ కట్టిన ఏనుగు, హంసముక్కు పడవ, ఇలాంటి ప్రయాణాలు కావాలనుకున్నవాళ్ళు పక్క పుస్తకం చూసుకోండి. నా కథలో ఉన్నది ఒకే ఒక్క బండి. దానికి ఎద్దు లేదు, గుర్రం లేదు, తోసే మనిషి లేడు. మబ్బు పట్టిందా, అంతే సంగతులు, ఎక్కడుంటే అక్కడే కూలబడుతుంది. అయినా సరే, నాకు ఆ బండంటే ప్రాణం.

గడువులో అది పన్నెండో రోజు, ఆఖరి రోజు. ప్రాగ్దిశాకాంత నుదుట సిందూరతిలకమై, కమలవనాలకు ప్రాణబంధువై, అంధకారగజాల కుంభస్థలాలను చీల్చే సింహకిశోరమై, లోకాలన్నిటికీ ఒకే ఒక్క కన్నయిన సూర్యభగవానుడు ఉదయపర్వతం ఎక్కాడు.

"హమ్మయ్య, వచ్చాడు" అంది ముత్యాలు, వేపపుల్ల నములుతూ.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి సంగతి చెప్పాలి కదా. ముత్యాలు కంచరివాళ్ళ పిల్ల. ఆమె అన్న కెంపన్న. ఇంట్లో రత్నం ముక్క లేకపోయినా పిల్లలకి మాత్రం ఆ పేర్లు పెట్టుకున్నారు తల్లిదండ్రులు, పాపం. కెంపన్న రాగి బిందెలు సాగగొట్టే సుత్తితోనే ఈ ఎండబండిని చేశాడు. పైన నాలుగు మంచాలంత రాగిపందిరి, మసి పూసి నల్లగా ఉంటుంది. అది ఎండ తాగుతుంది. ఆ వేడి కింద కాగులో నీళ్ళని మరిగిస్తుంది. ఆవిరి చక్రాలని తిప్పుతుంది. ఆపాలంటే పందిరి మీద ఒక పెద్ద గొంగడి కప్పాలి. అంతకంటే కళ్ళెం లేదు.

ఈ సంగతి కెంపన్న ఘటికాపురం కొలువులో చెప్పగానే మాంత్రికుడు జలదంభుడు పగలబడి నవ్వాడు. రాజ్యంలో దూరప్రయాణాలన్నీ అతగాడి ఎగిరే చాపల మీదే. ఆ చాపలకి ఒక్కటే జబ్బు, చినుకు పడితే ఎగరవు. అందుకని ఏటా మబ్బుల్ని పట్టి కుండల్లో కూరి మూత పెట్టేవాడు. ఎండతో నడిచే బండి వస్తే తన చాపలెవరెక్కుతారని భయపడి, ఇదంతా మోసమని మహారాజు చెవిలో ఊదాడు. నిదానసేన మహారాజు ఏ పనైనా నిదానంగానే చేస్తాడు, తప్పుడు పని కూడా. మూడు రోజులు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"ఉప్పుటేరు తీరం నుంచి మా కోటకి నూరామడలు. పన్నెండు రోజుల్లో ఆ బండి ఒట్టి ఎండతో రావాలి. పన్నెండో రోజు పడమటి బురుజు మీది రాతి సింహం వెనక్కి సూర్యుడు దిగేలోగా రాకపోతే నీ తల దిగుతుంది. తల దిగితే నగారా ఒక దెబ్బ. బండి వస్తే రెండు దెబ్బలు."

కెంపన్న చెరసాలలో కూర్చున్నాడు. బండి తెచ్చే పని చెల్లెలి మీద పడింది. వెంట రాజుగారి సాక్షి విస్సాభట్లు. మనిషి చేసిన ఒకే సాహసం భోజనం. ఒళ్ళో రాజశాసనం తాటాకుల కట్ట పెట్టుకుని, ఎవడైనా బండి తోస్తాడేమోనని కళ్ళు చికిలించి చూడటమే ఆయన ఉద్యోగం. బండి ఎక్కడ ఆగినా కిందికి దిగి ముందు తినేదేముందో కనుక్కునేవాడు.

ఆఖరి రోజు పొద్దున్న ఇంకా ఐదామడలు మిగిలాయి. నిప్పుల కనుమ దిగుతుంటే బండి రెచ్చిపోయింది. ఎండ మండిపోతోంది, పైగా పల్లం. రాళ్ళు ఎగురుతున్నాయి. భట్లుగారు కళ్ళు మూసుకుని సకల దేవతలకీ మొక్కుకుంటూ మధ్యమధ్య "మెల్లగా పోనీవే అమ్మాయీ!" అని అరుస్తున్నాడు. సరిగ్గా మలుపులో గజదొంగ గండుమీసాల గవరడు గొడ్డలి పట్టుకుని దారికడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి! దోపిడీ!"

"ఆగదయ్యా! కావాలంటే పరుగెత్తుతూ దోచుకో!" అని అరిచింది ముత్యాలు.

గవరడు పక్కకి దూకి ప్రాణం దక్కించుకున్నాడు. కానీ వృత్తి మీద గౌరవం ఉన్నవాడు. బండి పక్కనే పరుగు లంకించుకున్నాడు.

"ఏమున్నాయి... లోపల?" అన్నాడు రొప్పుతూ.

"రాగి కాగుంది. కుతకుతలాడుతోంది. పట్టుకుంటావా?"

"ఇంకేం... లేదా?"

"భట్లుగారున్నారు."

"ఎందుకు... పనికొస్తాడు?"

"సాక్ష్యానికి."

సాక్ష్యమన్న మాట వినగానే గవరడికి కాళ్ళు తడబడ్డాయి. పడిపోబోతూ చేతికందింది పట్టుకున్నాడు. అందింది గొంగడి. గొంగడీ, గవరడూ కలిసి దొర్లుకుంటూ లోయలోకి పోయారు. లోయలోంచి "నేను చూడలేదని చెప్పమ్మా!" అన్న కేక మాత్రం వినిపించింది. పిచ్చి మాలోకం, ఎవరేం చూశారని వాడి బాధ!

"కళ్ళెం పోయింది భట్లుగారూ" అంది ముత్యాలు.

"అంటే ఇక ఆగదా?"

"ఎండున్నంతవరకూ ఆగదు."

"భోజనానికి కూడానా?" అన్నాడాయన. నిజం చెప్పాలంటే ఆ పన్నెండు రోజుల్లో ఆయన మొహంలో అంత భయం అప్పుడే కనబడింది.

మిట్టమధ్యాహ్నానికి నాలుగామడలు గడిచాయి. ఒక్క ఆమడ దూరం, అంతే. సవ్యంగా పోతే రెండు గడియల పని. కానీ కాగులో నీళ్ళు అడుగంటాయి. నీళ్ళు లేకుండా మరిగితే కాగు పగిలిపోతుంది. ఎదురుగా గుమ్మడిపాలెం ఊరు, ఊరి నడుమ దిగుడుబావి. నీళ్ళున్నాయి, ఆగే దారి లేదు. ముత్యాలు చుక్కాని తిప్పి బావి చుట్టూ బండిని తిప్పటం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. భట్లుగారికి కళ్ళు తిరిగి వాంతి వచ్చేలా ఉంది.

ఆ ఊరి ఆడవాళ్ళ గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుమ్మడిపాలెంలో పుట్టిన ఆడపిల్లకి చదును కనబడితే చెయ్యి ఊరుకోదు. బూడిదగుమ్మడి కోరు, మినప్పిండి, పచ్చిమిరప ముద్ద కలిపిన బేసిన్లు పట్టుకుని ఎండ ఎక్కడ బాగా పడితే అక్కడికి పోతారు. ఊళ్ళో అరుగులూ, కప్పులూ, బండరాళ్ళూ నిండిపోయి ఇంకెక్కడ పెట్టాలా అని తిరుగుతున్న వాళ్ళ ముందు నుంచి నల్లటి, చదునైన, సెగలు కక్కే నాలుగు మంచాలంత రాగిపందిరి దానంతటదే తిరుగుతూ పోయింది.

"ఓసోసి! ఎంత చక్కటి జాగానే!" అంది ఒకావిడ.

ఇంకేముంది, కొంగులు బిగించి బండి వెంట పరుగెత్తారు. నాలుగో చుట్టులో తడిగుడ్డలు పరిచారు. ఐదో చుట్టులో వడియాలు పెట్టారు. ఆరో చుట్టుకి పందిరి మీద వేలు పెట్టే సందు లేదు. బండి మూలిగింది, ఒగర్చింది, బావి ఒడ్డున ఆగింది.

"తల్లీ, మీ కడుపు చల్లగుండ! దేవుళ్ళలా ఆపారు!" అని ముత్యాలు చేతులెత్తి దణ్ణం పెట్టింది. గబగబా కాగు నింపింది. ఎక్కి కూర్చుంది. "ఇక మీ వడియాలు తీసుకోండమ్మా, మేం పోవాలి."

ఎవరూ కదల్లేదు. ఊరి పెద్దరికం చేసే సన్యాసవ్వ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది.

"తీయటమేమిటే తల్లీ? పెట్టింది ఎండేదాకా తీయకూడదు. ఎండ అందరిదీ. చదును ఎవరిదైతే వాళ్ళే కాపలా. పచ్చి వడియం లేపినవాళ్ళు ఆ చదునుతో సహా ఊళ్ళోనే ఉండి ఏడాదిపాటు ఊరందరి పిండీ రుబ్బాలి. మా ముత్తవ్వల కాలం నుంచీ ఇదే కట్టుబాటు."

"సాయంత్రానికి మా అన్న తల తీసేస్తారవ్వా!" అంది ముత్యాలు. సంగతంతా చెప్పింది. ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. సన్యాసవ్వ అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, "అయినా తీయకూడదే తల్లీ" అంది.

ఇంకేం చేస్తుంది? కాకుల్ని తోలుతూ కూర్చుంది ముత్యాలు. కానీ కెంపన్న రాగి సామాన్యమైంది కాదు. రెండు రోజులు పట్టే వడియాలు గంటన్నరలో గలగలలాడాయి. ఆడవాళ్ళు మురిసిపోయి ఏరుకున్నారు. ముత్యాలుకి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చూసింది. పందిరి నడిమధ్యన ఒక మంచమంత మేర వడియాలు పచ్చిగానే ఉన్నాయి. పచ్చిగా ఉండటమేమిటి, నీళ్ళు కారుతున్నాయి, ఆ చలవకి పందిరంతా చల్లారిపోయి బండి కదలటం లేదు. వాటి మీద ఒక్క కాకి వాలలేదు. పక్కన మొహం కనబడకుండా ముసుగేసుకున్న ముసలమ్మ ఒకతె నిలబడి ఉంది. ఆమె నిలబడ్డచోట నేల బురదైంది.

"అవ్వా, నీవేనా ఇవి? ఎప్పటికి ఎండుతాయి?"

"ప్రళయానికి!" అని ముసలమ్మ ముసుగు లాగి అవతల పారేసింది. లోపల మోకాళ్ళదాకా గడ్డం, నడుముకి కట్టుకున్న చిన్న మట్టికుండ, చంకలో చుట్టిన చాప.

"జలదంభుడు!" అని భట్లుగారు బండి కింద దూరాడు.

"ఆ! నేనే! ఆషాఢమాసపు మబ్బునొకదాన్ని పట్టి, మినప్పప్పుతో కలిపి నా చేత్తో రుబ్బాను. ఇవి ఎండవు. తీస్తే ఏడాది రుబ్బాలి. తింటే ఆ మబ్బు తిన్నవాళ్ళ నెత్తినే కూర్చుంటుంది, ఎండ మొహం చూడనివ్వదు. ఇక నీ ఇష్టం పిల్లా!" అని చాప పరిచి, ఎక్కి, వికటంగా నవ్వుతూ ఎగిరిపోయాడు. వికటంగా నవ్వకపోతే వాడికి తిన్నది అరగదు.

"చూశారుగా అవ్వా, వాడు మాంత్రికుడు!" అంది ముత్యాలు.

"మాంత్రికుడైనా మహారాజైనా పెట్టింది పెట్టిందే" అంది సన్యాసవ్వ. "ఇవాళ వాడివి తీస్తే రేపు దానివి తీస్తారు, ఎల్లుండి నావి. అప్పుడు ఊళ్ళో వడియమనేది ఉంటుందా?" అని గొంతు తగ్గించి, "కాపలావాళ్ళకి ఒక హక్కుందే. ఆకలైతే పచ్చివి తినొచ్చు. పందిరి మీంచి నేరుగా నోట్లోకే పోవాలి. ఎన్నని అడిగేవాళ్ళు లేరు. కానీ వాడన్నది విన్నావుగా" అంది.

తినటమన్న మాట వినబడగానే బండి కిందినుంచి భట్లుగారి తల బయటికొచ్చింది. "నేను తింటాను! నేనూ బండిమీదివాణ్ణేగా!"

"మీ నెత్తిన మబ్బుంటే మీరు బండి ఎక్కలేరు. సాక్షి లేకుండా బండి పోయి ఏం లాభం భట్లుగారూ? నేను తింటాను. మీరు బండి తోలండి."

"నేనా! నేను సాక్షిని! నేను చెయ్యి వేస్తే శాసనం..."

"ఏదీ, చదవండి."

భట్లుగారు తాటాకులు విప్పి చదివాడు. "ఎద్దు లాగరాదు. గుర్రం లాగరాదు. మనిషి తోయరాదు." మళ్ళీ చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. చుక్కాని పట్టుకోరాదని ఎక్కడా లేదు. ఆయన జన్మలో అంత దుఃఖంతో ఏ శాసనమూ చదవలేదు.

ముత్యాలు పందిరి పక్కన నిలబడి మొదలుపెట్టింది. ఒకటి. పది. యాభై. పచ్చిమిరప కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆడవాళ్ళు మజ్జిగ పోస్తున్నారు, వీపు నిమురుతున్నారు, "ఇంకొక్క వరసేనే అమ్మా" అని బతిమాలుతున్నారు. భట్లుగారు ప్రతి వడియం వెంటా గుటక మింగుతున్నాడు. నూరు దాటాక ఆమెకి కడుపు ఉబ్బి ఊపిరి ఆడలేదు. "ఉప్పు కూడా చాలలేదు, వెధవకి రుబ్బటం కూడా రాదు" అని తిట్టుకుంటూ తింది. అన్న చిన్నప్పుడు తన వాటా వడియాలు కూడా తనకే పెట్టేవాడు. అది గుర్తొచ్చి ఇంకో పాతిక తింది. ఆఖరిది మింగేసరికి నెత్తిన టప్పుమని ఒక చినుకు పడింది.

తల ఎత్తి చూస్తే తాడిచెట్టెత్తున ఈతచాపంత మబ్బు. ఊరంతా ఎండ, ఆమె ఒక్కతె మీద వాన. ఒక అడుగు వేస్తే మబ్బూ ఒక అడుగు వేసింది.

"పోండి భట్లుగారూ! నేను దూరంగా వస్తాను. అన్నతో..." అని మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది. "వడియాలు తిన్నానని చెప్పండి."

అప్పటికి పొద్దు పడమటికి బాగా వాలింది. భట్లుగారు చుక్కానిని రెండు చేతులా కౌగిలించుకుని, కళ్ళు మూసుకుని, బయలుదేరాడు. కళ్ళు తెరవమని ఊరు ఊరంతా వెనకనుంచి అరిచింది. వంద బారల వెనక ముత్యాలు, నిండిన పొట్టతో, సొంత వానలో, బురద తొక్కుకుంటూ పరుగెత్తింది. దారిలో పొలాలవాళ్ళు ఆమెని చూసి మా చేలోంచి పొమ్మంటే మా చేలోంచి పొమ్మని పిలిచారు. ఆగి మాట్లాడే తీరికెక్కడిది?

ఘటికాపురం కోట కనబడింది. అదేం కోట! ఆకాశాన్ని గీరే ఏడంతస్తుల బురుజులు, పచ్చలు తాపిన ద్వారబంధాలు, మొసళ్ళు నోళ్ళు తెరిచిన అగడ్తలు, మేడమేడకీ పావురాలు, పావురం పావురానికీ బంగారు గజ్జెలు! అక్కడ ఠక్కున ఎండబండి ఆగిపోయింది.

జలదంభుడు తన చాపని సరిగ్గా రాగిపందిరి పైన మూరెడెత్తున నిలబెట్టి, దానిమీద కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు. పందిరి మొత్తం నీడ.

"తప్పుకోరా దుర్మార్గుడా!" అని భట్లుగారు తాటాకుల కట్టతో గాల్లోకి పొడిచాడు.

"సూర్యుడు దిగేదాకా చిన్న కునుకు తీస్తానయ్యా" అన్నాడు మాంత్రికుడు. బారెడు పొద్దుంది. తోద్దామంటే మనిషి తోయరాదు. భట్లుగారికి ఏడుపొచ్చింది.

వెనకనుంచి వాన చప్పుడు వినబడింది.

మాంత్రికుడు ఉలిక్కిపడి లేచేలోగానే ముత్యాలు బండి పక్కకొచ్చి నిలబడింది. మొదటి జల్లుకి చాప బరువెక్కింది. రెండో జల్లుకి ఒక పక్కకి ఒరిగింది. మూడో జల్లుకి చాపా మాంత్రికుడూ దబ్బున రోడ్డు మీద పడ్డారు. కానీ ఆమె నెత్తిన మబ్బుంది కదా, ఆమె అక్కడుంటే బండికి ఎండ రాదు. అది అర్థమై ముత్యాలు ఒక చేత్తో చాపని, ఒక చేత్తో గడ్డాన్ని పట్టుకుని, వంద బారల దూరం ఈడ్చుకుపోయింది. వాణ్ణి బోర్లా పడేసి, వాడి నడుము మీద ఎక్కి కూర్చుంది. కింద ఏదో పటుక్కుమంది. పట్టించుకోలేదు.

తడిసిన రాగి చుయ్యిమంది. ఆవిరి లేచింది. బండి కదిలింది. "కళ్ళు తెరవండి భట్లుగారూ!" అని గొంతు చించుకుని అరిచింది. బండి చిన్నదైపోయింది, దుమ్ములో కలిసిపోయింది. పొద్దు దిగుతోంది. ఎండ పలచబడే కొద్దీ బండి వేగమూ తగ్గుతుందని ఆమెకి తెలుసు.

"లేవవే పిల్లా. నా చాప ఆరనివ్వు. నీ మబ్బు తీసేస్తాను" అన్నాడు కిందినుంచి జలదంభుడు.

"నగారా మోగాక."

"ఇప్పుడు లేస్తే ఇప్పుడే తీసేస్తాను. లేవకపోతే జన్మంతా తడుస్తావు."

"నేను లేస్తే నువ్వు బండి మీదికి పోతావు. తడిస్తే తడుస్తాను, నీకేం?"

సూర్యుడు రాతి సింహం జూలు తాకాడు. వీపు తాకాడు. తోక కింద నుంచి జారిపోయాడు. ముత్యాలు చెవులు రిక్కించింది. వాన చప్పుడుకి ఏమీ వినబడక చేతులు దొన్నెలు చేసి చెవులకి పెట్టుకుంది.

ధాం!

ఒకటి.

రెండో దెబ్బ? ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. కడుపులోని వడియాలన్నీ ఒక్కసారి రాళ్ళయిపోయాయి. "అన్నయ్యా" అంది, తనకే వినబడనంత మెల్లగా. మాంత్రికుడు వీపు కదిలేలా నవ్వాడు. ఆ నిదానసేన మహారాజుని ఏమనాలో నాకు తెలియదు, ఎవరైనా పెద్దవాళ్ళుంటే అనండి. రెండో దెబ్బ కొట్టమని చెయ్యి ఎత్తటానికి ఆయనకి అంతసేపు పట్టింది.

ధాం!

రెండు!

ముత్యాలు భోరుమని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే మాంత్రికుడి వీపు మీద గుద్దులు గుద్దింది. అలిసిపోయాక కళ్ళు తుడుచుకుని, "ఊఁ, ఇప్పుడు తీయి మబ్బు" అంది.

"తీయలేను" అన్నాడు జలదంభుడు, బురదలోంచి.

"ఏం?"

"మబ్బుని మళ్ళీ పట్టే కుండ నా నడుముకి ఉండేది. నువ్వు దాని మీదే కూర్చున్నావు."

ముత్యాలు లేచి చూసింది. నాలుగు పెంకులు. వాటి మీద వాన పడుతోంది.

"ఇంకో కుండ లేదా?"

"మబ్బుని దాచే కుండలు బోలెడు. పట్టే కుండ మాత్రం నా గురువుగారి దగ్గరే ఇంకొకటుంది. రాత్రి అనేదే లేని ద్వీపంలో. మూడు సముద్రాల అవతల."

ముత్యాలు ఒకసారి కోటవైపు చూసింది. అక్కడ దివిటీలు వెలుగుతున్నాయి. వాటి నడుమ ఎవరో రెండు చేతులూ ఊపుతూ ఇటే పరుగెత్తుకొస్తున్నారు, వెనక లావుపాటి మనిషి ఒకడు పడుతూ లేస్తూ. అన్న చేసిన బండిని తొంభైతొమ్మిది ఆమడలు తోలింది ముత్యాలు. ఆ బండి ఇక తనని ఎక్కించుకోదు. తడిసిన చాప ఎగరదు.

ఆమె జలదంభుడి గడ్డం ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

"మా అన్న వచ్చి నన్ను చూసి ఏడవటం అయ్యాక బయలుదేరదాం" అంది. "నడిచే పోతాం. నువ్వు ముందు, నేను వెనక, వాన ఇద్దరి మీదా."